కూలెంట్ తగ్గుతోందా? ముందు జాడ పట్టాలి, తర్వాతే పానా

పెట్రోలు ఖర్చవుతుంది. ఇంజన్ ఆయిల్ కూడా కొంత కాలిపోతుంది. కూలెంట్ అలా ఖర్చయ్యేది కాదు. ఇంజన్ లోపలి సన్నటి దారుల్లో తిరిగి, అక్కడి వేడిని రేడియేటర్ దాకా మోసుకొచ్చి వదిలేసి, మళ్లీ లోపలికి పోతుంది. ఆ దారికి బయటితో సంబంధం లేదు. ఏడాది రెండేళ్లకు ట్యాంకులో మట్టం కాస్త దిగితే కంగారు పడనక్కర్లేదు. నెలనెలా పోయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. పోసి సర్దుకుంటూ పోతే మరమ్మతు వెనక్కి జరుగుతుందే తప్ప తప్పిపోదు. వందల్లో అయిపోయే పైపు పని ఈలోగా వేలు మింగే ఇంజన్ హెడ్ పనిగా మారవచ్చు.

మట్టం చూడాల్సింది ఉదయాన్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి చదునైన చోట నిలిపి. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి తిరిగొచ్చాక చూసిన మట్టం నమ్మదగింది కాదు. రెండు గీతల మధ్య ఎక్కడుందో ట్యాంకు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుంటే తరుగుదల ఎంతో వారంలో తెలిసిపోతుంది.

అనుమానం మొదలుపెట్టాల్సింది మూత నుంచి. ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ చేసే పనే ఇదీ చేస్తుంది. చాలా కార్లలో మూత దాదాపు ఒక బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. కూలెంటూ నీళ్లూ సగం సగం కలిసిన ద్రవం బయట 107 డిగ్రీల దగ్గర మరిగితే, ఆ ఒత్తిడిలో 125 డిగ్రీల చుట్టుపక్కల దాకా మరగకుండా నిలుస్తుంది. మూతలోని స్ప్రింగు నీరసిస్తే ముందే మరిగి, పొంగి బయటపడుతుంది. రేడియేటర్‌కే మూత ఉండే పాత తరహా బండ్లలో మరో చిక్కుంది. చల్లారేటప్పుడు పక్క సీసాలోంచి ద్రవాన్ని వెనక్కి రానిచ్చే చిన్న వాల్వ్ పాడైతే, సీసా నిండుగానే కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. మూత మార్చడం అన్నిటికంటే చౌకైన పని. కొత్తది కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన ఒత్తిడి అంకె పాతదానితో సరిపోవాలి.

తర్వాత బయటి కారుడు. హోస్ పైపుల చివర క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం భాగంతో కలిసే అంచు వెంట, థర్మోస్టాట్ డొప్ప దగ్గర, వాటర్ పంప్ కింద ఎండిన చారికలు వెతకాలి. కూలెంట్ రంగులోనో తెల్లగానో పొక్కులా కనిపిస్తాయి. వాటర్ పంప్‌కు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ అరిగితే మొదట తడి కనిపించేది అక్కడే. ముందు సీటు కింద కార్పెట్ తడిసి, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారి, తియ్యటి వాసన వస్తుంటే డాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ కారుతోందని అనుకోవాలి. ఏసీ వేసినప్పుడు బండి కింద పడే రంగూ వాసనా లేని నీటితో ఏ ఇబ్బందీ లేదు.

కొన్ని లీకులు నేల మీద చుక్క కూడా పడనివ్వవు. వేడి లోహం మీద పడగానే ఆవిరైపోతాయి. వాటిని పట్టుకునేది ప్రెషర్ టెస్టర్. చల్లటి ఇంజన్ మీద దాన్ని బిగించి, మూత మీదున్న అంకె వరకు గాలి కొట్టి, పదిహేను నిమిషాలు ముల్లును గమనించాలి. ముల్లు దిగుతుంటే ఎక్కడ తడుస్తుందో టార్చి వేసి వెతకాలి. ముల్లు దిగుతున్నా ఎక్కడా తడి లేకపోతే, కూలెంట్ ఇంజన్ లోపలికి పోతోందేమో చూడాలి.

లోపలి లీకు అనగానే ఇంజన్ బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పేరు వినిపిస్తుంది. సైలెన్సర్ నుంచి ఆగని తెల్లటి పొగ, ఆయిల్‌లో మీగడలాంటి నురగ, ట్యాంకులో ఎడతెగని బుడగలు, చల్లటి బండి స్టార్ట్ చేసిన నిమిషంలోపే రేడియేటర్ పై పైపు గట్టిపడిపోవడం దాని లక్షణాలు. అయితే ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పకూడదు. చలికాలం ఉదయం ప్రతి బండీ కాసేపు ఆవిరి వదులుతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆయిల్ మూత కింద చెమ్మ వల్ల కూడా నురగ పేరుతుంది. పెట్రోలు ఇంజన్లకు తేలికైన పరీక్ష ఉంది. ట్యాంకులోని గాలిని ఒక నీలి ద్రవం గుండా లాగుతారు. మండిన వాయువు కలిసి ఉంటే అది పసుపు రంగుకు తిరుగుతుంది. డీజిల్ బండ్లలో పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ పగిలినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు కాబట్టి, దాన్ని చూడకుండా హెడ్ ఎత్తనివ్వకండి.

హెడ్ ఎత్తక తప్పకపోతే కొత్త గ్యాస్కెట్ ఒక్కటే సరిపోదు. విపరీతంగా వేడెక్కిన అల్యూమినియం హెడ్ వంగే అవకాశం ఎక్కువ. లేత్ షాపులో చదును చూపించి, పగుళ్లు లేవని తేల్చుకుని, అవసరమైతే ఫేసింగ్ చేయించాలి. చాలా ఇంజన్లలో హెడ్ బోల్టులు ఒకసారికే పనికొస్తాయి. వాటిని కంపెనీ చెప్పిన వరసలో, చెప్పినంత బిగువుతోనే బిగించాలి. ఇవి వదిలేస్తే అదే పని మళ్లీ చేయించాల్సి వస్తుంది.

లీకు కట్టాక ఏం పోస్తున్నామన్నదీ ముఖ్యమే. మన ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అది వేడి లోహం మీద పొక్కు కట్టి దారులు మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ కలపండి, లేదా కలిపి అమ్మేదే పోయండి. రంగు కలిసిందని రెండు రకాలు కలపకండి, మాన్యువల్ చెప్పిన రకమే వాడండి. వేడి దేశంలో థర్మోస్టాట్ అక్కర్లేదని తీసేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. దానివల్ల ఇంజన్ సరైన వేడికి రాక ఇంధనం ఎక్కువ తాగుతుంది. లీకు ఆపే పొడులు సన్నటి గొట్టాలను కూడా మూసేస్తాయి. నింపాక హీటర్ పూర్తి వేడిలో పెట్టి ఇంజన్ నడిపి, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో లోపల చిక్కిన గాలిని (ఎయిర్ లాక్) తీయించండి.

దారిలో బండి వేడెక్కితే పక్కకు ఆపి ఇంజన్ ఆర్పేయండి. వేడి మీద మూత తిప్పితే మరుగుతున్న ద్రవం ముఖాన చిమ్ముతుంది. డాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయినా ఊరట చెందకండి. కూలెంట్ అయిపోతే సెన్సర్‌కు తగిలేది ఆవిరే, అది అసలు వేడి చెప్పలేదు. కారిన కూలెంట్‌ను వెంటనే కడిగేయండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకిన కుక్కకైనా పసిపిల్లలకైనా ప్రాణాంతకం.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ప్రెషర్ టెస్ట్ మీ కళ్లముందు చేయమని అడగండి. ముల్లు దిగడమూ, తడిసిన చోటూ చూశాకే పనికి ఒప్పుకోండి. పని అయ్యాక అదే టెస్టర్‌తో ముల్లు నిలబడిందని చూపించమనండి. ఆ తర్వాత వారం పాటు ప్రతి ఉదయం మట్టం చూడండి. పెన్నుతో పెట్టిన గుర్తు దగ్గరే ఆగి ఉంటే మరమ్మతు కుదిరినట్టు.