రోహిణి కార్తెలో దమ్ము లెక్కలు

యూరప్‌లో సైకిలును మూలన పెట్టించేది మంచు. బెజవాడలో ఆ పని ఎండ చేస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె పోయిందనుకుంటే వానలు దిగుతాయి. ఈలోగా చలికాలమంతా కూడబెట్టిన దమ్ము ఎంత కరిగిపోతుంది?

1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం, బాగా సాధన చేసినవాళ్ల చేత అన్నీ మాన్పించి కొలిచింది. శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, అంటే వీఓటూ మ్యాక్స్, మొదటి మూడు వారాల్లోనే 7 శాతం పడిపోయింది. 84 రోజులకు 16 శాతం.

పూర్తిగా మానకుండా తగ్గిస్తేనో? రాబర్ట్ హిక్సన్ వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున 10 వారాలు సాధన చేయించి, ఆపైన 15 వారాలు ఒక్కో బృందానికి ఒక్కో రకంగా కోత పెట్టి చూశాడు. 2 రోజులకు కుదించినా వీఓటూ మ్యాక్స్ నిలిచింది. 13 నిమిషాలకు తగ్గించినా నిలిచింది కానీ, ఎక్కువసేపు తొక్కే ఓపిక సడలింది. 26 నిమిషాలవాళ్లకు అదీ పోలేదు. రోజులూ నిమిషాలూ అలాగే ఉంచి తీవ్రతలో మూడోవంతు తగ్గించినవాళ్లు మాత్రం రెండూ పోగొట్టుకున్నారు. మనవాళ్లలో చాలామంది చేసేది సరిగ్గా ఇదే: రోజూ తీరిగ్గా ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లి రావడం!

గట్టిగా తొక్కాలంటే ఎండ అడ్డం. పెడల్ మీద 150 వాట్లు పెట్టేవాడి ఒంట్లో సుమారు 450 వాట్లు వేడిగా మారతాయి. అందుకే మే నెలలో సూర్యోదయానికి ముందే, వారానికి రెండు మూడు రోజులు, అరగంట చాలు. ఇంట్లో సైకిలు బిగించి తొక్కే ట్రైనర్ మీదైతే ఎదురుగా పెద్ద ఫ్యాను తప్పనిసరి.

తీవ్రత కోసం ఎక్కడానికి డెల్టాలో కొండలు లేవనే బెంగ అక్కర్లేదు, గాలి ఉంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందా, గాలి నిరోధం రెండింతలు దాటుతుంది. వానాకాలంలో పడమటి గాలి బందరు వైపు తోస్తుంది, తిరుగు దారిలో పరీక్ష పెడుతుంది. ఆ పూట స్పీడోమీటరు చూడకపోవడమే మేలు.

మే నడుమ మొదలుపెడితే హిక్సన్ చూసిన ఆ 15 వారాలు ఆగస్టు చివరికి పూర్తవుతాయి. ఆ తర్వాత బ్రెవేకు, అంటే గడువులోగా ముగించాల్సిన సుదీర్ఘ రైడ్‌కు, సిద్ధం కావచ్చు. 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 13న్నర గంటలు. ఆగిన సమయం కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు చాలు. అక్కడ కావలసింది వేగం కంటే సీటు మీద కూర్చునే ఓర్పు. దానికి సెప్టెంబరు నుంచి వారానికొక పొడవాటి రైడ్ పెంచుకుంటూ పోవాలి, మొదట ఉయ్యూరు, తర్వాత పామర్రు, చివరికి బందరు.