వింటేజ్ హోదా వద్దు, రోడ్డు చాలు

తార్నాక సందులో టార్పాలిన్ కింద ఒక హెరాల్డ్. ఇంజన్ సిద్ధం. అడ్డుపడింది అట్ట ఊడిన సీ-బుక్కు.

“పాత స్పోర్ట్స్ కార్లని మళ్లీ రోడ్డెక్కిస్తున్నవాళ్ల మీద ముఖచిత్ర కథనం. ఉస్మానియా, తార్నాక చుట్టుపక్కలే చూడండి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి” అన్నారు ఎడిటర్‌గారు. తళతళలాడే ఎర్ర కారు, వెనక ఆర్ట్స్ కాలేజీ... కవర్ ఫొటో ఆయన మనసులో అప్పటికే సిద్ధం. తార్నాకలో దొరికింది మాత్రం 1966లో రిజిస్టరైన రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. యజమాని క్యాంపస్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. “ఇది స్పోర్ట్స్ కారేనా మాస్టారూ?” అంటే నవ్వారు. “కాదు. స్పోర్ట్స్ కారుకి అన్నగారు.”

అందులో గొప్పలేమీ లేవు. ఇటలీ డిజైనర్ జియోవన్నీ మికెలొట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో ఇంగ్లండులో వచ్చింది. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి, మికెలొట్టి చేతే గీయించిన రెండు సీట్ల బాడీ తొడిగి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారుని దింపారు. ముందు చక్రాల సస్పెన్షన్ రెండింటికీ ఒకటే. మన హెరాల్డ్ 1961 నుంచి మద్రాసు పక్కన వండలూరులో, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీలో తయారైంది. అంబాసిడర్లు, ఫియట్ల కాలంలో కాస్త షోకున్నవాళ్ల బండి. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలో తప్ప ఎక్కడా రాలేదు. 1971లో హెరాల్డ్‌ని ఆపేశారు, తర్వాత గెజెల్ అన్నారు, అదీ 1977తో సరి. చరిత్రకి ఇంత చోటు చాలు. ఈ కారులో నన్ను కదలనివ్వనివి వేరే రెండున్నాయి: ఒక ఇత్తడి ముక్క, ఒక పుస్తకం.

గ్రీజు కాదు, ఆయిల్

హెరాల్డ్ బానెట్ తెరవడం చూసి తీరాలి. మడ్‌గార్డులతో సహా బండి ముక్కు మొత్తం ముందుకి వంగిపోతుంది. మెకానిక్ ఏకంగా టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. లాలాగూడ వైపు నుంచి వచ్చే ఉస్తాద్ అలాగే కూర్చుని, చక్రం వెనక్కి టార్చి వేసి చూపించారు.

అక్కడో నిలువు కడ్డీ. దాని కింది కొసకి మరలుంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి దిమ్మెలో బిగుసుకుంటాయి. ఆ దిమ్మె పేరు ట్రనియన్. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ ఇత్తడిలో కొంచెం లోపలికీ, కొంచెం బయటికీ తిరుగుతుంది. బండి ముందు భాగం బరువంతా ఆ రెండు ముక్కల మీదే. వాటిలో ఈపీ-90 గేర్ ఆయిల్ పోయాలన్నది కంపెనీ మాట. మన షెడ్లలో నిపిల్ కనబడితే చాలు గ్రీజు గన్ను పెట్టేస్తారు. గ్రీజు మరల దాకా దిగదు. నీళ్లు చేరతాయి, కడ్డీ లోపల్లోపలే తుప్పు పడుతుంది. ఒకరోజు మలుపు తిప్పుతుండగా విరుగుతుంది, చక్రం పక్కకి పడిపోతుంది. ఇంగ్లండులో స్పిట్‌ఫైర్లు నడిపేవాళ్లకి ఈనాటికీ ఉన్న భయం ఇదే.

“ఎవరో గ్రీజు కొట్టిన్రు సార్. ఎండి సున్నం లెక్క అయింది” అన్నారు ఉస్తాద్, గోటితో గీకి చూపిస్తూ. కొత్త ట్రనియన్లు ఇంగ్లండులో ఇంకా అమ్ముతారు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మాస్టారి శిష్యుడొకడు కొని పంపించాడు. ఆయిల్ సీళ్లు, హోసులు రాణిగంజ్‌లో దొరికాయి. ట్యాంకు దింపి కడిగారు. బ్రేకు సిలిండర్లు పట్టేస్తే విప్పి బాగుచేశారు. వైరింగు చాలావరకు కొత్తదే. సెల్ఫ్ కొడితే ఇప్పుడు అందుకుంటోంది.

అయినా బండి గేటు దాటదు. “ఇంజన్ మంచిగనే ఉంది సార్. కాయితాలే ఖరాబైనయ్” అని ఉస్తాద్ ఒక్క ముక్కలో తేల్చారు.

సీ-బుక్కు చెప్పిన కథ

మాస్టారు బీరువాలోంచి తీసిన సీ-బుక్కుకి అట్ట లేదు, కుట్టు దారం మాత్రం మిగిలింది. మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే పాత నంబరు. మొదటి ఓనరు పేరు మీద ఎర్ర సిరా గీత, కింద ఇంకొకాయన పేరు, దాని మీదా గీత, ఆ కింద మాస్టారి పేరు. లైఫ్ ట్యాక్సులు లేని రోజుల్లో మూడేసి నెలలకి కట్టిన పన్ను తాలూకు ముద్రలు, ఒకదాని మీదకి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. రంగు అన్న గడిలో లేత నీలం అని ఉంది. బయట ఉన్న కారు మెరూన్. చివరి పేజీల్లో ఐదేళ్ల రెన్యువల్ ముద్రలు. ఆఖరిదాని గడువు 2009లో తీరిపోయింది. బండి టార్పాలిన్ కిందకి వెళ్లిందీ అప్పుడే.

1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువు తీరిన బండితో రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ లేని బండితో ఎక్కినట్టే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు, బ్రేకులు, స్టీరింగు చూస్తారు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ముద్ర అడుగుతారు. పుస్తకంలో ఉన్న బండీ ఎదురుగా ఉన్న బండీ ఒకటే కావాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో తేల్చిచెప్పింది. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక పాత అంబాసిడర్లకి డీజిల్ ఇంజన్లు బిగించి పుస్తకంలో ఎక్కించనివాళ్లు చిక్కుకునేది ఇక్కడే. మాస్టారి ఇంజన్ నంబరు పుస్తకంతో సరిపోయింది. రంగు మార్పు నమోదు చేయించుకోవాలి.

ఇక ఆయన ముందు రెండు దారులున్నాయి.

మొదటిది మామూలు రెన్యువల్. 2022 ఏప్రిల్ దాకా కారుకి 600 రూపాయలున్న ఫీజుని 5,000 చేశారు. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. విదేశీ కారైతే 80,000. ఆలస్యమైతే నెలకి 500 అదనం. గ్రీన్ ట్యాక్సు వేరే.

రెండోది వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ దీనికోసం విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండ్లు అర్హం. పోర్టల్లో ఫారం 20 పెట్టాలి, కమిటీ చూసి ఒప్పుకోవాలి. కొత్తగా నమోదయ్యే బండికి రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అనే అక్షరాలతో నంబరిస్తారు. ముందే రిజిస్టరైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత 5,000 కడితే చాలు.

లెక్క వేసి చూడండి. ఆలస్యపు అదనం, గ్రీన్ ట్యాక్సు పక్కన పెడితే మొదటి పదేళ్లకి రెండు దారుల్లోనూ ఫీజు 20,000. ఆ తర్వాతి పదేళ్లకి మామూలు దారిలో మళ్లీ 20,000, వింటేజ్ దారిలో 5,000. ఎవరైనా వింటేజే మేలంటారు. నేనూ మాస్టారితో అదే అన్నాను. ఆయన గెజిట్ ప్రింటు తీసి, పెన్సిలుతో గీత గీసిన చోటు చూపించారు. వింటేజ్ బండిని రోజువారీ అవసరాలకి గానీ వ్యాపారానికి గానీ రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకి మాత్రమే బయటికి తీయాలి.

“నేను పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ దాకా పోతా, చెట్ల కింద నాలుగడుగులు వేస్తా, వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకుంటా. ఇది ర్యాలీయా, ఎగ్జిబిషనా?” అన్నారు మాస్టారు. “ఇంత చేసి బాగుచేసింది పెట్రోలు బంకు దాకా పోయి రావడానికా?”

ఆయన మామూలు రెన్యువల్‌కే దరఖాస్తు పెడుతున్నారు. డబ్బు ఎక్కువైనా సరే.

బాక్స్ 1: అరవైలో నాలుగు

1918లో ఉస్మానియాని స్థాపించి, 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ప్రారంభించిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కి కార్ల కొరత లేదు. ఆయన పోయాక 1967లో మనవడు ముకర్రం జా వారసుడయ్యే నాటికి గ్యారేజీలో 60 కార్లుంటే, నడిచేవి నాలుగేనని జాన్ జుబ్రిస్కీ రాసిన ‘ద లాస్ట్ నిజాం’ చెబుతుంది. పెట్రోలు, స్పేర్ పార్టుల ఖర్చు మాత్రం ఏటా రాస్తూనే ఉన్నారు. ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వచ్చేసరికి ఆయన లేరు. సింహాసనంలాంటి సీటున్న ఆ కారు దశాబ్దాల్లో నాలుగొందల మైళ్లు కూడా తిరగలేదు. ఇప్పుడు చౌమహల్లాలో చూడొచ్చు.

బాక్స్ 2: పడుకున్న ఇంజన్‌ని లేపే ముందు

• వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి నాననివ్వండి. తర్వాత క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పి చూడండి.
• పాత పెట్రోలు పారబోసి ట్యాంకు కడిగించండి. అడుగున చేరిన జిగురు కార్బరేటర్‌ని మూసేస్తుంది.
• 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. సీసాన్ని నమ్ముకుని తయారైన పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరుగుతాయి. హెడ్ విప్పినప్పుడే గట్టి సీట్లు వేయించుకోండి.
• ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు ఉబ్బి పగులుతాయి. అన్నీ మార్చండి.
• టైరు గోడ మీది కోడ్‌లో ఆఖరి నాలుగంకెలు వారం, ఏడాది. 0909 అంటే 2009 తొమ్మిదో వారం. అరుగుదల లేకపోయినా అలాంటి టైరుని నమ్మకండి.

నడిమి బండ్ల గతి

మాస్టారికి కనీసం రెండు దారులున్నాయి. 50 ఏళ్లు నిండని పాత కార్లకి మొదటి దారే గతి. 1984లో వచ్చిన కాంటెస్సా, 1985 నాటి ప్రీమియర్ 118ఎన్‌ఈ, 80ల్లో ర్యాలీల్లో తిరిగిన ఫైబర్ బాడీ సిపానీ డాల్ఫిన్, 1990ల చివర్లో వచ్చిన రెండు సీట్ల శాన్ స్టార్మ్... మనవాళ్లు స్పోర్ట్స్ కారు పేరు చెప్పుకుని మురిసిపోయినవి ఇవే. కాంటెస్సా అర్హత పొందాలంటే 2034 రావాలి, శాన్ స్టార్మ్‌కి 2040ల చివరిదాకా ఆగాలి. అప్పటికి తుక్కులో కలవకుండా మిగిలేవి ఎన్ని?

మ్యూజియం కార్ల మీద నాకు మొదటినుంచీ పెద్దగా ప్రేమ లేదు. అద్దంలా పాలిష్ చేసి, తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టిన బండి నాకు బొమ్మతో సమానం. తార్నాక సందులో 25 అడుగుల వ్యాసంలో ఒక్క తిప్పుతో వెనక్కి మళ్లే హెరాల్డ్ నాకు కారు. 2021 నిబంధనలు బండిని కాపాడుతున్నాయి, నడపడాన్ని కాపాడడం లేదు. పాతిక ముప్పై ఏళ్లు దాటిన బండ్లకి విడిగా ఒక తరగతి పెట్టి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు గీసి, గట్టిగా ఫిట్‌నెస్ పరీక్ష చేసి వదిలితే పొగకి పొగా అదుపులో ఉంటుంది, బండికి బండీ బతుకుతుంది. రవాణా శాఖ ఆలోచించాల్సింది దీని గురించి.

ఈలోగా మీ ఇంటి వెనక కూడా టార్పాలిన్ కింద ఒక బండి ఉంటే, మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు సీ-బుక్కు వెతకండి. ఆఖరి ముద్ర తేదీ, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు ఒకసారి సరిచూసుకోండి. ట్రనియన్ ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. రెన్యువల్‌కి మాత్రం ఆలస్యమైన ప్రతి నెలకీ 500 రూపాయలు కట్టాలి.