సైకిలు పెడలు బిగించే పద్ధతి

బరంపురంలోను, గంజాం, హుమ్మ పరిసరాలలోను నివసించే మన తెలుగువారిలో సైకిలుపై పనికి వెళ్లేవారున్నారు. పెడలు పాడైతే కొత్తది స్వల్ప ధరకే లభిస్తుంది. దానిని తప్పుగా బిగిస్తే మాత్రం క్రాంకు రంధ్రంలోని మర, అనగా మెకానిక్కులు థ్రెడ్డు అని పిలిచేది, చెడిపోయి క్రాంకునే మార్చవలసి వస్తుంది. ఆనాటి పనికి వెళ్లడం కూడా కష్టమవుతుంది.

ముఖ్యంగా తెలుసుకోవలసినది, రెండు పెడళ్ల మరలు ఒకే దిశలో ఉండవు. కుడి పెడలు సాధారణ బోల్టు వలె గడియారపు ముల్లు దిశలో బిగుస్తుంది. ఎడమది దానికి వ్యతిరేకంగా బిగుస్తుంది. ఎడమ, కుడి అన్నవి సీటుపై కూర్చున్నవారివే. ఇరుసుపై ఎల్, ఆర్ అనే ఆంగ్లాక్షరాలు చెక్కి ఉంటాయి. అవి అరిగిపోతే ఇరుసును నిలువుగా పట్టుకొని చూడండి: మర గీతలు ఏ వైపునకు పైకి లేస్తే అది ఆ వైపు పెడలు.

ఈ ఏర్పాటుకు కారణముంది. తొక్కేవారి బరువు క్రిందికే పడుతున్నా క్రాంకు గుండ్రంగా తిరుగుతుంది గనుక, ఇరుసు తన రంధ్రంలో కొద్దికొద్దిగా దొర్లుతుంది. రెండు వైపులా సాధారణ మరే ఉంటే ఎడమ పెడలు క్రమంగా ఊడివచ్చేది. బేరింగు రాపిడి వల్లనే పెడలు బిగుస్తుందని కొందరంటారు. అది సరి కాదు. ఆ రాపిడి నిజానికి విప్పే దిశలోనే లాగుతుంది.

బిగించే ముందు రంధ్రాన్ని, ఇరుసును గుడ్డతో తుడిచి, మరకు పలుచగా గ్రీజు పూయవలెను. ఇరుసును రంధ్రానికి తిన్నగా ఆనించి, మొదట విప్పే దిశలో నెమ్మదిగా త్రిప్పితే, మర అంచు చిన్నగా ‘టక్’మని కుదురుతుంది. అప్పుడు బిగించే దిశలో మూడు నాలుగు చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. పానా ఇంకా ముట్టరాదు. గట్టిగా తోచితే మర అడ్డదిడ్డంగా పట్టిందని అర్థం. విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ బలం చూపినవారే క్రాంకును పోగొట్టుకుంటారు. అల్యూమినియం క్రాంకు మెత్తనిది, ఉక్కు ఇరుసు దానిని సులువుగా కోసేస్తుంది.

తరువాత పానాతో గట్టిగా బిగించండి. దిశ మరచిపోతే, పానా పిడిని ఇరుసుకు పైన నిలిపి ముందు చక్రం వైపు నెట్టితే రెండు పెడళ్లూ బిగుస్తాయి. వెనుక చక్రం వైపు నెట్టితే విడిపోతాయి. వదులుగా వదలివేయడమూ ప్రమాదమే. ఊగులాడే ఇరుసు మరను నలిపివేస్తుంది.

ఋషికుల్య సముద్రసంగమానికి దగ్గరలోని హుమ్మ ఉప్పు మడుల గాలిలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. గ్రీజు లేని ఇరుసు క్రాంకులో పట్టుకుపోతుంది, విప్పబోతే మర కూడా ఊడివస్తుంది. అక్కడ పనిచేసేవారు వర్షాకాలం తరువాత ఒకసారి పెడళ్లు విప్పించి గ్రీజు పూయించుకోవడం మేలు. బేరింగు తుప్పుతో బిగుసుకుపోయిన పెడలు తొక్కుతుండగానే ఊడిపోవచ్చు గనుక, చేతితో త్రిప్పినప్పుడు తేలికగా తిరగని పెడలును వెంటనే మెకానిక్కుకు చూపించండి.