చౌడు మిద్దె చెప్పిన పాఠం

పిల్లలూ! మీ ఊళ్ళో పాడుబడిన ఇల్లు ఒక్కటైనా వుండే వుంటుంది. తలుపుకు తుప్పు పట్టిన తాళం, గోడమీద రావిమొక్క, లోపల గబ్బిలాలు. "అందులో దయ్యం వుంది" అని మీలో ఎవరో ఒకరు చెప్పే వుంటారు. అటువంటి ఇల్లొకటి నేను కొన్నాను. దయ్యం కనిపించలేదు గాని, ఎన్నో ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఆ ఇల్లే ఒక పాఠం చెప్పింది. ఆ సంగతి మీకు చెబుతాను.

కడప జిల్లాలో ప్రొద్దుటూరు పెద్ద వ్యాపార పట్టణం. బంగారానికీ, బట్టలకూ పేరుపడింది. అక్కడ ఇల్లు కొనడానికి నా దగ్గరున్న డబ్బు చాలలేదు. అందుచేత 2021 వేసవిలో, ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఒక పల్లెలో, పదేళ్ళుగా తాళం వేసివున్న పాత మిద్దెను కొన్నాను. కొన్న తరువాత దాన్ని బాగు చేయించడానికి రెండు లక్షల రూపాయలే మిగిలాయి. "పడగొట్టి కొత్తది కట్టుకోండి" అన్నారు అందరూ. కాని ఆ డబ్బు కొత్త ఇంటి పునాదులకే సరిపోయేది.

మిద్దె అంటే ఏమిటో ఇతర జిల్లాల పిల్లలకు తెలియకపోవచ్చు. మా వైపు మిద్దె ఇల్లంటే మన్ను కప్పిన చదునైన పైకప్పు గల ఇల్లు. రాళ్ళను బురదతో పేర్చి రెండడుగుల మందాన గోడలు లేపుతారు. వాటిమీద దూలాలు, దూలాలమీద అడ్డంగా దంతెలు, దంతెలమీద నాపబండలు, బండలమీద జానెడు మన్ను వేస్తారు. అన్నిటికన్నా పైన చౌడు పరుస్తారు. వెలుతురు రావడానికి కప్పులో ఒక రంధ్రం వుంచుతారు. దాన్ని గవాచి అంటారు.

ఆ నాపబండలు మా నేలలో పుట్టినవే. కోట్లాది సంవత్సరాల కిందట, భూమిమీద చెట్లుగాని, చేపలుగాని పుట్టక ముందు, ఈ ప్రాంతాన్ని సముద్రం కప్పి వుండేది. దాని అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని రాయి అయింది. అందుకే నాపరాయి పలకలు పలకలుగా చీలుతుంది. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు ప్రాంతపు రాళ్ళను గురించి 1872లోనే పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా ఈ సున్నపురాయి వల్లనే.

"మన్ను కప్పు వానకు కరిగిపోదా?" అని మీరు అడగవచ్చు. అసలు వింత అక్కడే వుంది. చౌడు మన్నులో సోడియం అనే ధాతువు పాలు ఎక్కువ. చౌడు తడిసినప్పుడు, సోడియం మూలంగా బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి విడిచిపెట్టి, ఉబ్బి, సందులన్నిటినీ పూడ్చివేస్తాయి. ఇక నీరు కిందికి దిగదు. పక్కకు జారి తూముల గుండా బయటికి పోతుంది. పొలంలో చౌడు వుంటే రైతు ఏడుస్తాడు. నీరు ఇంకదు, పైరు ఎదగదు. అదే చౌడు మిద్దెమీద వుంటే ఇల్లాలు నిశ్చింతగా నిద్రపోతుంది. రైతుకు పగవాడైనది మిద్దెకు చుట్టమయింది!

ఇదంతా నాకు తరువాత తెలిసిన సంగతి. ముందు నేనొక పొరపాటు చేశాను. మిద్దె అక్కడక్కడ కారుతున్నదని, పాత చౌడునంతా గీకించి, పైన సిమెంటు పూయించాను. దానికి పాతికవేలు అయింది. చూడటానికి నున్నగా, అందంగా వుంది. నేను చాలా సంతోషించాను.

ఆ సంవత్సరమే నవంబరులో మా జిల్లాలో కుండపోతగా వానలు కురిశాయి. చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళను ముంచింది ఆ వానలలోనే. ఒక రాత్రి, అయిదో తరగతి చదువుతున్న నా మనుమరాలు నన్ను తట్టి లేపి, "జేజినాయనా, పైనుంచి మన్ను రాలతాంది. దూలం కిర్రుమంటాంది," అన్నది. "ఎలుకలేమోలే, పడుకో," అన్నాను. అది పడుకోలేదు. మంచం మీద పడిన మన్ను పిడికిట పట్టి చూపించింది. తడిమన్ను! ఎలుకలు తడిమన్ను రాల్చవు గదా! వెంటనే అందరం లేచి పక్కింటికి వెళ్ళాం. తెల్లవారేలోగా ఆ గది దూలం విరిగి, సగం కప్పు మేము పడుకున్న మంచాల మీద కూలింది.

ఎందుకు కూలిందో లెక్క వేద్దాం. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, మన్ను మందం ముప్పావు అడుగు. అంటే 90 ఘనపుటడుగులు. పొడిమన్ను ఘనపుటడుగు సుమారు 45 కిలోలుంటుంది. మొత్తం 40 క్వింటాళ్ళ పైచిలుకు. అదే మన్ను నీళ్ళు తాగితే మరొక 10 క్వింటాళ్ళు బరువెక్కుతుంది. చెదలు తిన్న దూలం ఆ బరువు ఎలా ఆపగలదు?

మరి సిమెంటు వుండగా నీళ్ళెలా దిగాయి? మరునాడు పక్కింటి పెద్దాయన వచ్చి చూశాడు. "అయ్యోరూ, కొయ్యమిద్దె ఎండకూ చలికీ కదులుతా వుంటాది. సిమెంటు కదలదు, పగులుతాది. పగులులో దిగిన నీళ్ళు మళ్ళా ఆరే దారి యాది? మిద్దెకు ఊపిరాడకుండా చేసినారే!" అన్నాడు. ఆయన బడికి వెళ్ళినవాడు కాడు. కాని ఆ మాటలో శాస్త్రమంతా వుంది. చౌడు వేసవిలో బీటలు తీసినా, తొలివానకే ఉబ్బి ఆ బీటలను తానే పూడ్చుకుంటుంది. సిమెంటు బీట తానుగా పూడదు.

గోడల సంగతీ అంతే. నేలలోని చెమ్మ మట్టిగోడలోకి ఎక్కుతుంది. పైన సున్నం పూసివుంటే ఆ చెమ్మ గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే లోపలే నిలిచి గోడ అడుగును తినివేస్తుంది.

ఇక ఆయన చెప్పినట్టే చేశాం. సిమెంటునూ మన్నునూ దింపించి, చెడిన కలప తీసివేశాం. గండికోట జలాశయం నిండినప్పుడు కొండాపురం వైపు తాళ్ళప్రొద్దుటూరు మొదలైన ఊళ్ళు ముంపులో పోయాయి. అటువంటి ఊరి నుంచి వచ్చిన పాత దూలాలు, ఒక తలుపు ప్రొద్దుటూరులో చవకగా దొరికాయి. తలుపు ద్వారబంధం మీద కత్తితో గీసిన గీతలున్నాయి. ఎవరో పిల్లలు ఏటేటా తమ ఎత్తు కొలుచుకున్న గుర్తులవి. వాటిని చిత్రిక పట్టి తీసివేయబోతే మనుమరాలు ఒప్పుకోలేదు. ఆ గీతల పక్కనే ఇప్పుడు దాని గీతలు కూడా వున్నాయి.

వంటింటి వెనుక వసారాకు పాత ఆస్‌బెస్టాస్ రేకులుండేవి. ఆస్‌బెస్టాస్ అంటే నారలాగా చీలే రాయి. ఒకప్పుడు మా పులివెందుల ప్రాంతపు గనులలో దాన్ని తవ్వేవారు. నిప్పుకు కాలదని దాన్ని మెచ్చుకునేవారు. కాని కంటికి కనపడని దాని నారలు ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏళ్ళ తరువాత కాన్సరు వంటి జబ్బులు తెస్తాయని తేలింది. 1986లో భారత ప్రభుత్వం ఆ గనులకు కొత్త అనుమతులివ్వడం ఆపివేసింది. పెద్దలకు నా మనవి: అటువంటి రేకులుంటే పగలగొట్టవద్దు, రంధ్రాలు పెట్టవద్దు, పొడిచీపురుతో ఊడ్వవద్దు. తీయవలసివస్తే, పని తెలిసినవారి చేత తడిపి, ముక్కలు కాకుండా దింపించండి. అప్పుడు పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

చివరకు లెక్క ఇలా తేలింది: వ్యర్థమైన సిమెంటు పని 25 వేలు, కలప 60 వేలు, కూలి 70 వేలు, సున్నం 15 వేలు, కరెంటు పని 20 వేలు. ఎంత మిగిలిందో మీరే చెప్పండి. చౌడుకు మాత్రం బండి బాడుగ కూడా అడగలేదు, పక్కింటి పెద్దాయనే తన బీడులోంచి తోలించాడు. ఇప్పుడు ప్రతి ఏడూ వానలకు ముందు మిద్దెమీది గడ్డి పీకి, కొట్టుకుపోయిన చోట కొత్త చౌడు వేస్తాం. గడ్డివేళ్ళు దిగితే నీళ్ళకు దారి ఏర్పడుతుంది గదా!

మీరొక పరీక్ష చేసి చూడండి. మూడు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోయించి, మూతులకు గుడ్డ కట్టి, తలకిందులుగా నిలబెట్టండి. ఒకదానిలో ఇసుక, రెండోదానిలో చౌడు, మూడోదానిలో చెంచాడు జిప్సం కలిపిన చౌడు వేసి, తలా ఒక గ్లాసు నీళ్ళు పోయండి. ఇసుకలో నీళ్ళు ఇట్టే దిగిపోతాయి. చౌడుమీద నిలిచిపోతాయి. మరి మూడోదానిలో? జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తరిమివేస్తుంది గనుక నీరు కొంత సులువుగా దిగుతుంది. రైతులు చౌడు పొలాలలో జిప్సం చల్లేది అందుకే.

ఇంకొక్క మాట. పాడుబడిన ఇళ్ళలోకి ఆటలకు వెళ్ళకండి. దూలం వంగినా, గోడ చీలినా, కప్పునుంచి మన్ను రాలినా వెంటనే బయటికి వచ్చి పెద్దవాళ్ళతో చెప్పండి. పెద్దలారా, పిల్లలు చెప్పినప్పుడు "ఎలుకలేమోలే" అనకండి. ఆ రాత్రి నేను నా మాటే పట్టుకుని పడుకుని వుంటే, ఈ పాఠం మీకు చెప్పడానికి నేనుండేవాణ్ణి కాను.