సగము దారిలో రెండు నవలలు

పుస్తకమును కడవరకు చదువనిదే దానిని గూర్చి మంచిగాని చెడ్డగాని పలుకరాదని మా తండ్రిగారు చిన్ననాట మాకు నేర్పిన నియమములలో నొకటి. మాచేత భారతమును చదివించునపుడు పర్వము ముగియువరకు ప్రశ్న లడుగుటకైనను వారు సెలవిచ్చెడివారు కారు. నేడా నియమమును తప్పుచున్నాము. మా యింట నిప్పుడు రెండు నవలలు సగము దారిలో నున్నవి. ఒకటి చదువుచున్నాము, ఒకటి వినుచున్నాము. రెండును ముగిసిన పిమ్మట వ్రాయుద మనుకొన్నచో ఇప్పటి మా తలంపులు మాకే జ్ఞప్తికి రావు. కథ తుది యెరిగినవారు మొదటి యనుమానములను తామెన్నడును పడనట్లే మాటలాడుదురు గదా! అదియునుగాక, కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో భాగములుగా వెలువడి 1880లో గాని పుస్తకము కాలేదు. అంతవరకు దానిని చదివినవారందరును మావలెనే సగము దారిలో నిలిచి తలకొక మాటయు ననుకొనియే యుందురు.

మేము చదువుచున్నది అడివి బాపిరాజుగారి నారాయణరావు; వినుచున్నది విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు నవలల పోటీలో బహుమానమును ఈ రెండింటికిని పంచి యిచ్చిరి. అందుచేతనే జంటగా పట్టితిమని చెప్పుకొన్న గొప్పగా నుండును గాని, నిజ మది కాదు. దీనికి కారణము మా యత్తగారి కన్నులు.

ఆమెకు డెబ్బదియారేండ్లు. ముప్పదియేండ్లపాటు కార్తికమాసమున మా వీధి స్త్రీలకు పురాణము చదివి వినిపించిన మనిషి. నీటికాసుల వ్యాధివలన చూపు అంచులనుండి తరుగుచు వచ్చి, ఇప్పుడు నడుమ కొంచెము మాత్రము మిగిలినది. పోయిన చూపు మరల రాదనియు, ఉన్నదానిని నిలుపుకొనుటకే కంటిచుక్కలనియు వైద్యులు చెప్పిరి. అత్తగారు విని ఒక్క మాటయు ననలేదు. మరునాడు తమ పోతన భాగవతమును గుడ్డలో చుట్టి బీరువా పైయరలో పెట్టించిరి. ఎవరైన చదివి వినిపింతుమన్న “నాకేం ఖర్మ” అని లేచి పోవుచుండిరి. వినిపించుటయే యెరిగినవారికి ఒకరి నోటివంక చూచుచు కూర్చుండుట ఎంత చిన్నతనమో మాకప్పుడు తెలిసినది.

ఇట్లుండగా మా కుమారుడు ఒకనాడు ఫోనులో వేయిపడగలు ఆడియో పుస్తకమును పెట్టి వంటయింటి గట్టుపై నుంచెను. అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు “రేడియో నాటకమా?” అని మాత్ర మడిగి యూరకుండిరి. ఆ కంఠము తమకొరకని చదువుటలేదు. కావున దానికి ఋణపడవలసిన పనియు లేదు. నాలుగవనాటికి “నిన్నటి పాము కథ ఏమైంది?” అని తామే యడిగిరి.

ఈ నవలను విశ్వనాథవారు 29 దినములలో నోటితో చెప్పుచుండగా తమ్ములు వేంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి. పదేండ్ల క్రిందట దీనిని పుస్తకముగా పట్టి, సుబ్బన్నపేట పొలిమేర దాటకయే విడిచినవారము మేము. చర్చలు పొడవు; కథ ఒకయడుగు వేసి నాలుగు గడియలు నిలుచును. ఇప్పుడు వినుచుండగా ఆ నిలుపులే మాకు రుచించుచున్నవి. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి ఒక సంగతి యెత్తుకొని, దానినుండి మరియొక దానికి జారి, తాంబూలము వేసికొని మరల మొదటిదానికి వచ్చినట్లున్నది. నోట పుట్టినదగుటచేతనే కాబోలు, మా కన్నులకు లొంగని గ్రంథము చెవికి లొంగినది.

చెవికిని చిక్కులు లేకపోలేదు. కుక్కరు కూతలో నొక వాక్యము పోగా, రెండుదినములు ఒకరి మేనల్లుని మరియొకరి కుమారునిగా నడిపించితిమి. పుస్తకమైనచో పుట వెనుకకు త్రిప్పుదుము. చింతపండు పిసుకుచున్న చేతితో ఫోనును ముట్టుటెట్లు? మా కుమారుడు త్వరగా ముగియునని వేగమును ఒకటిన్నర రెట్లు చేసెను. “ఆయన్నెవరు తరుముతున్నార్రా?” అని అత్తగారు కోపపడగా మరల మామూలు నడకకు వచ్చితిమి.

గిరిక ఘట్టములవద్ద మాత్రము మాకొక సంకోచము కలిగినది. దేవదాసియైన యామె వేణుగోపాలస్వామికే తన నాట్యమును, తన్నును అర్పించుకొనును. అచ్చట చదువువారి కంఠము తేనెయైనది. మేము గరిట చేతబట్టుకొనియే కన్నీరు పెట్టితిమి. రాత్రి పడుకొన్న పిమ్మట వేరొక తలంపు వచ్చినది. బాలికలను గుడులకు అర్పించుటను మదరాసు రాష్ట్రమున 1947లో చట్టముచే మాన్పించిరి. అంతకుముందు అట్లు అర్పింపబడిన వారిలో గిరికకున్న భక్తి యెందరికుండెను? నోరెత్తలేక తలయొగ్గిన వారెందరు? అచ్చులో చదివియుండినచో ఈ ప్రశ్న ఆ పుటయొద్దనే పుట్టియుండును. కంఠము మమ్ము నిలువనీయక దాటించుకొని పోయినది. కథ యింకను మిగిలియున్నది గనుక తీర్పు చెప్పము. సంకోచమును మాత్రము దాచుకొనము.

నారాయణరావు సంగతి వేరు. కథ రైలులో మొదలగును. స్నేహితులతో పయనించుచున్న నారాయణరావును జమీందారుగారు చూచి ముచ్చటపడి తమ కుమార్తె శారదను అతనికే యిత్తునని తలచును. బాపిరాజుగారు చిత్రకారులు గూడ. మనుష్యుని వర్ణించినను చీర రంగును వర్ణించినను కుంచె పట్టిన చేయి కనబడుచునే యుండును. ఇది కన్నులతో చదువవలసిన పుస్తకమని మాకొరకు దాచుకొంటిమి. కాని నాయకునిది కొత్తపేట యని ఒకనాడు నోరు జారితిమి. అత్తగారి పుట్టినిల్లు కోనసీమ. “ఏదీ, కొత్తపేట గురించి ఏం రాశాడో చదువు” అనిరి. చూపు తగ్గిన పిమ్మట చదువుమని తామై యడుగుట అదియే మొదలు.

అప్పటినుండి సాయంకాలము ఒక గంట చదువుచున్నాము. అడ్డుపడని పుట లేదు. ఫోనులోని కంఠముతో వాదించినను అది వినక సాగిపోవును; మేమైతే పుస్తకము మూసి జవాబు చెప్పవలసినదే. పెండ్లియైన పిమ్మట శారద భర్తయెడ పెడముఖముగా నుండును. జమీందారీ చుట్టములు ఆమె మనస్సును విరిచెదరు. ఇంత మంచివానిని ఇట్లేల చూచునని మాకు కోపము వచ్చినది. అత్తగారికి రాలేదు. “రైల్లో తండ్రికి నచ్చాడు. పిల్లకి నచ్చాడా అని ఎవరైనా అడిగారా? నన్నూ ఎవరూ అడగలేదులే” అనిరి.

పదునాలుగేండ్లుగా ఈ యింట నున్నాము. ఆ కడపటి మాటను మేమెన్నడును వినియుండలేదు. గోడమీది మామగారి పటమువైపు చూడక పుట త్రిప్పితిమి.

మొన్న ఒకరాత్రి, అందరును నిద్రించిన తరువాత, శారద యేమి చేయునో యను ఆత్రము పట్టజాలక ముప్పది పుటలు ముందుగా చదివితిమి. మరునాడు ఏమియు నెరుగనట్లు ఆ భాగమునే యెత్తుకొంటిమి. నాలుగు వాక్యములు కాకమునుపే అత్తగారు “ముందే చదివేశావు కదుటే?” అనిరి. ఎట్లు తెలిసినదని యడిగితిమి. “తెలియనప్పుడు నీ గొంతు తడుముకుంటుందే. ఇవాళ తిన్నగా నడుస్తోంది” అనిరి. మేము తలవంచుకొంటిమి.

ఆనాటినుండి ఫోనులోని కంఠమును గూడ ఆ చెవితోనే వినుచున్నాము. ఆ చదువువారు కథనంతయు ముందే యెరిగినవారు. కష్టము రాబోవు చోట, అది రాకమునుపే వారి గొంతు రవ్వంత దిగును. మా మనస్సును దానితోడనే దిగును. అచ్చక్షరములు అట్టి సైగ చేయవు. కావున వేయిపడగలను గూర్చి మాకు కలిగిన భయములలో మావి కొన్ని, ఆ గొంతువి కొన్ని. నారాయణరావులోని పొరపాట్లన్నియు మావే.

ఇక ముప్పది పుటల దొంగతనము చేయమని మాట యిచ్చితిమి. గుర్తుకాగితమును ఇప్పుడు అత్తగారే పెట్టుచున్నారు. వ్రేళ్లతో పుటల మందమును తడిమి “ఇంకా సగానికి పైనే ఉంది” అని సంతోషించుచున్నారు. శారద యింకను మెత్తబడలేదు. ధర్మారావు మాటలు వంటయింట సాగుచునే యుండెను గాని, నాలుగు దినములుగా అవియు నాగినవి. భాగవతమును పైయరనుండి దింపుమని అత్తగారు చెప్పిరి. “నువ్వు చదువు. నాకు నోటికొచ్చిన చోట నేనందుకుంటాను” అనిరి. రెండు నవలలును పక్కన నున్నవి. గజేంద్రుడింకను మడుగులోనే యున్నాడు.