పెరట్లో ఒక్క చెట్టుకే చోటుంటే ఏ సపోటా వేయాలి?

బావి పక్కనో, పశువుల కొట్టం వెనకో ఒక చెట్టుకు సరిపడా జాగా ఉంది. పండ్ల చెట్టు వేద్దామంటే ఇంట్లో పిల్లలు ముందుగా చెప్పే పేరు సపోటా. తీరా నర్సరీకి వెళ్తే ఆ పేరుతోనే అరడజను మొక్కలు చూపిస్తారు. క్రికెట్ బాల్, పాల, కాలిపత్తి మనకు తెలిసినవే. వాటి పక్కనే స్టార్ ఆపిల్, ఎగ్ ఫ్రూట్, మామే సపోటా, నల్ల సపోటా అంటూ కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? పొలంలో ఒక పైరు తప్పితే మరుసటి పంటకు మార్చుకోవచ్చు. పెరట్లో వేసిన చెట్టు సరైనది కాదని తెలిసేసరికి నాలుగైదేళ్ళు గడిచిపోతాయి. అందుకే మొక్క కొనేముందు నాలుగు సంగతులు తెలుసుకోండి.

సపోటా మన దేశపు చెట్టు కాదు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చింది. అయితే దాని చుట్టాలు మనకు కొత్తేమీ కాదు. అడవిలో ఇప్ప, గుడి దగ్గర పొగడ, ఎండాకాలంలో పసుపు రంగు చిన్న పండ్లిచ్చే పాల చెట్టు, ఇవన్నీ సపోటా కుటుంబానివే. స్టార్ ఆపిల్, ఎగ్ ఫ్రూట్, మామే కూడా అంతే. నల్ల సపోటాకు మాత్రం పేరే తప్ప చుట్టరికం లేదు. అది మన బీడీ ఆకు తునికికి దాయాది. తెల్ల సపోటా అయితే నిమ్మ కుటుంబానిది. దానికి చల్లటి వాతావరణం కావాలి కాబట్టి మన మైదానాల్లో ఆశ పెట్టుకోవద్దు.

అంటు దగ్గరే అసలు కిటుకు

సపోటా విత్తనం నాటితే కాపుకు ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చు, పండు తల్లి చెట్టు పండులా ఉంటుందన్న నమ్మకమూ లేదు. కనుక అంటు మొక్కే తీసుకోవాలి. గాలి అంటుకు తల్లివేరు ఉండదు, పెద్ద గాలికి చెట్టు ఒరిగిపోతుంది. తుఫానులు వచ్చే కోస్తాలో ఇది చిన్న విషయం కాదు. పాల మొక్క మీద కట్టిన అంటు గట్టిది, చాలాకాలం నిలుస్తుంది.

ఇక్కడే ఒక తికమక ఉంది. 'పాల' అనే పేరుతో సపోటాలో ఒక మంచి రకం ఉంది. అంటు కింద వేరు కోసం వాడేది అడవి పాల. రెండూ వేరు. ఈ తేడా తెలియక నేను నష్టపోయాను. క్రికెట్ బాల్ అని చెప్పి ఇచ్చిన మొక్కను తెచ్చి మా పెరట్లో నాటాను. ఏపుగా పెరిగితే మురిసిపోయాను. నాలుగో ఏడు మా ఊరి పెద్దాయన ఒకాయన చూసి, "ఏమయ్యా, సపోటా అంటావు, ఇది అడివి పాల గదా!" అన్నాడు. అంటు కొమ్మ ఎప్పుడో ఎండిపోయింది, కింది మొక్క చిగురే చెట్టయి కూర్చుంది. మొక్క అమ్మినవాళ్ళను అని లాభమేముంది, కింది చిగుళ్ళను నేనే గిల్లలేదు. నాలుగేళ్ళు నీళ్ళు పోసిన చెట్టును కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

మీరు ఆకు చూస్తే చాలు. సపోటా ఆకు కొస మొన తేలి ఉంటుంది. అడవి పాల ఆకు కొస గుండ్రంగా ఉండి, మధ్యలో చిన్న నొక్కు కనిపిస్తుంది. అంటు అతుకు ఎక్కడుందో నర్సరీలోనే వేలు పెట్టి చూపించమనండి. నాటేటప్పుడు ఆ అతుకు మట్టిలో మునగకూడదు. దాని కింద వచ్చే ప్రతి చిగురునూ కనిపించిన రోజే గిల్లేయాలి.

రకాల్లో ఏది?

క్రికెట్ బాల్ కాయ పెద్దది, గుండ్రంగా చూడముచ్చటగా ఉంటుంది. అయితే కండ కాస్త ఇసుకలా తగులుతుంది, తీపీ ఓ మోస్తరే. చుట్టుపక్కల వేరే రకం సపోటా లేకపోతే కాపు పలచబడుతుంది కూడా. ఒక్క చెట్టే వేసేవారికి ఇది ఆలోచించాల్సిన మాట. ద్వారపూడి రకం దీన్నే పోలి, కాయ కొంచెం చిన్నగా ఉంటుంది. పాల రకం కాయ చిన్నది, కోడిగుడ్డు ఆకారం, పలచటి తోలు, మంచి తీపి. గుత్తులుగా కాస్తుంది. పండాక నిలవ ఉండదు కనుక దూరం పంపి అమ్మడానికి పనికిరాదు. ఇంట్లో తినడానికి, పక్కింటికి పంచడానికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. కీర్తిబర్తి తోలు మందం, సంతకు తీసుకెళ్ళేవారికి అది నయం. జాగా మరీ ఇరుకైతే తమిళనాడులోని పెరియకుళంలో ఎంపిక చేసిన పి.కె.ఎం.-1 అడగండి. అది పొట్టిగా పెరుగుతుంది, కాయ చేతికందుతుంది.

రెండో చెట్టుకూ చోటుంటే అప్పుడు స్టార్ ఆపిల్ సంగతి చూడండి. ఆకు అడుగున బంగారు రంగు నూగుతో చెట్టే అందంగా ఉంటుంది. పండును అడ్డంగా కోస్తే నక్షత్రం కనిపిస్తుంది. తోలులో వగరు పాలుంటాయి కాబట్టి లోపలి గుజ్జు మాత్రం చెంచాతో తినాలి. సపోటాలా పచ్చికాయ కోసి మాగేస్తే బాగుండదు, చెట్టు మీదే పండాలి. పండినా రాలదు, తొడిమతో కోయాల్సిందే. చెట్టు ఎత్తు పెరిగిందంటే పండ్లు పక్షులకే దక్కుతాయి. ఎగ్ ఫ్రూట్ చెట్టు ఇంకా సులువు. నీటి ఎద్దడిని కొంత ఓర్చుకుంటుంది, విత్తనం మొక్కే మూడు నుంచి ఆరేళ్ళలో కాస్తుంది. కానీ పండు ఉడికించిన గుడ్డు పచ్చసొనలా పొడిపొడిగా ఉండి గొంతుకు అడ్డుపడుతుంది. పాలు, బెల్లం కలిపి చిలికి తాగితే బాగుంటుంది. పిల్లలు ఒకటి తింటారు, రెండోది అడగరు.

మామే సపోటా మీద ఇప్పుడు మోజు ఎక్కువ. ఎర్రటి కండ, పెద్ద కాయ అని మొక్కను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అది భారీగా పెరిగే చెట్టు. పిందె పండు కావడానికే ఏడాది పైన పడుతుంది. రెండు సెంట్ల పెరడున్న రైతుకు దీని జోలి వద్దు.

నాటడానికి మూడడుగుల గుంత తీసి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. సపోటా కాస్త ఉప్పు నీళ్ళనూ తట్టుకుంటుంది, మొదట్లో నీళ్ళు నిలిస్తే మాత్రం ఓర్వదు. ఇంటి గోడకు కనీసం 15 అడుగుల దూరం ఇచ్చి, నాటిన రోజే ఊతకర్ర కట్టండి. అంటు మొక్క రెండో ఏటే పూస్తుంది. ఆ పూత తుంచేసి, మూడు, నాలుగు ఏళ్ళు వచ్చాక కాయ నిలపండి.

కోత దగ్గర చాలామంది తొందరపడతారు. పూత నుంచి కోతకు 7 నుంచి 10 నెలలు పడుతుంది. కాయ మీది గోధుమరంగు పొట్టు వేలితో రుద్దితే రాలాలి. గోటితో గీస్తే పచ్చగా కనిపిస్తే ఇంకా ఆగండి. పసుపు చార కనిపించి, పాలు పెద్దగా కారకపోతే కోసి వరిగడ్డిలో పెట్టండి, వారం లోపే పండుతాయి.