ఒకే వాయి ఇడ్లీలు: చిప్పులో రెసిస్టర్ల సంగతి

మన తెలుగు బడికి పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రుల్లో చిప్పుల కంపెనీల్లో పనిచేసేవాళ్ళం కొందరం ఉన్నాం. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని టీచరుగారు అడిగితే మా పిల్లలు చెప్పే జవాబు ఒకటే: "కంప్యూటర్స్". అమ్మ సంగతి అడిగినా అదే జవాబు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుంటాం కనుక అది అబద్ధం కాదు గానీ, నిజం అందులో పావలా వంతే. అందుకని ఈ ఏడాది సంచికలో మా పనిలోంచి ఒక చిన్న ముక్క తీసుకుని, అటు అమ్మమ్మకీ ఇటు ఆరో క్లాసు పిల్లలకీ అర్థమయ్యేలా తెలుగులో చెబుదామని కూర్చున్నాం. ఆ ముక్క పేరు పాలీసిలికాన్ రెసిస్టరు.

ఇంట్లో అందరికీ తెలిసిన ఫోను బ్యాటరీతో మొదలుపెడదాం. చాలా ఏళ్ళుగా వాడుకలో ఉన్న రకం లిథియం అయాన్ బ్యాటరీని ఒక్కో సెల్లుకి 4.2 వోల్టుల దాకా ఛార్జి చేస్తారు. 4.1 దగ్గరే ఆపేస్తే కొంపలేం మునగవు, సాయంత్రం ఫోను కాస్త ముందుగా కళ్ళు మూస్తుంది, అంతే. 4.3 దాటనిస్తే మాత్రం సంగతి వేరు. లోపల లిథియం లోహంగా మారి ఋణ ధ్రువం మీద పేరుకోవడం మొదలుపెడుతుంది. బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది. మరీ హద్దు మీరితే వేడెక్కి అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే రక్షణకి విడిగా మరో చిప్పు కూడా పెడతారు. కానీ ముందుగా "ఇక చాలు" అనవలసింది ఛార్జరు చిప్పు. 4.2 అంటే ఎంతో ఆ చిప్పుకి ఎలా తెలుస్తుంది? అందులో ఉన్న రెసిస్టర్లు చెప్పాలి. అవి తప్పు చెబితే చిప్పు కూడా తప్పే చేస్తుంది. తాతగారి చెవి మిషనులోనూ, బామ్మగారు షుగరు చూసుకునే మీటరులోనూ ఇటువంటి రెసిస్టర్లే ఉంటాయి.

రెసిస్టరుని మన పాఠ్యపుస్తకాల్లో నిరోధకం అంటారు. కరెంటుని అడ్డుకునేది అని అర్థం. పంటకాలువతో పోల్చి చూడండి. కాలువ పొడుగైతే నీళ్ళు చేరడం కష్టం, వెడల్పైతే సులువు. రెసిస్టరూ అంతే. దాన్ని కొలిచే కొలమానం ఓము. సిలికాన్ని అర్ధవాహకం అంటారు, అంటే రాగిలా ధారాళంగానూ కాదు, గాజులా ససేమిరా అనీ కాదు, మధ్యరకం. అందులో బోరాన్, ఫాస్ఫరస్ వంటివి చిటికెడు కలిపితే కరెంటు బాగా పారుతుంది. పుస్తకాల్లో వీటికి మాలిన్యాలు అని పేరు పెట్టారు. మాకు ఆ మాట అంత నచ్చదు. ఎంతో కొలిచి మరీ వేసేదాన్ని మాలిన్యం అనడం ఏం న్యాయం? పోపు అంటే సరిగ్గా ఉండేది!

రెసిస్టరుని కూడా చిప్పులోనే చెయ్యవచ్చన్న ఆలోచన మన డల్లాస్ ఊళ్ళోనే ఫలించింది. 1958 వేసవిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో జాక్ కిల్బీ అనే ఇంజనీరు కొత్తగా చేరాడు. మిగతావాళ్ళంతా సెలవుల మీద వెళ్ళారు. కొత్తవాడు కనుక ఆయనకి ఇంకా సెలవులు రాలేదు. ఖాళీ ల్యాబులో కూర్చుని, ట్రాన్సిస్టర్లూ రెసిస్టర్లూ కెపాసిటర్లూ అన్నీ ఒకే పదార్థంతో చేస్తే విడివిడిగా తీగలతో అతికే బాధ తప్పుతుంది కదా అని ఆలోచించాడు. సెప్టెంబరు 12న జెర్మేనియం ముక్క మీద చేసిన సర్క్యూటు పనిచేసి చూపించింది. అందులో రెసిస్టరు అంటే ఆ జెర్మేనియం ముక్కే! మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో రాబర్ట్ నాయిస్ సిలికాన్ మీద, ఫ్యాక్టరీలో చెయ్యడానికి వీలైన పద్ధతి ఆలోచించాడు. కిల్బీకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. నాయిస్ అప్పటికే కాలం చేశారు.

ఆ రోజుల్లో రెసిస్టర్లని సిలికాన్ నేలలోనే తవ్వేవారు. అంటే, కావలసిన చోట బోరాన్‌ని లోపలికి ఇంకించి దారి చేసేవారు. మట్టికాలువ తవ్వినట్టన్నమాట. మట్టికాలువలో నీళ్ళు పక్కలకి ఇంకిపోతాయి. ఈ రెసిస్టర్లలో కూడా వేడి పెరిగితే కరెంటు కింది నేలలోకి కారుతుంది, వోల్టేజి మారితే విలువ కూడా కొంచెం మారుతుంది. దీనికి విరుగుడు కాలువని నేల మీంచి పైకెత్తడం. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అక్కడ కాలువ గోదావరి పాయ మీదుగా కట్టడం మీద పోతుంది, కింద నదికీ పైన కాలువకీ సంబంధం లేదు. చిప్పులో ఆ కట్టడం పాత్ర ఆక్సైడుది. సిలికాన్ మీద గాజులాంటి ఆక్సైడు పొర పెంచి, దాని మీద మళ్ళీ సిలికాన్ పలచగా పరిచి, ఆ పొరని సన్నటి పట్టీలుగా చెక్కుతారు. సిలేన్ అనే వాయువుని దాదాపు 620 డిగ్రీల సెల్సియస్ దగ్గర తక్కువ పీడనంలో పంపిస్తే సిలికాన్ దానంతట అదే పొరగా పేరుకుంటుంది. మందం మైక్రానులో మూడో వంతో, ఇంకా తక్కువో. తలవెంట్రుక డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తు పెట్టుకోండి.

ఇంకో విశేషం ఏమిటంటే, ఈ పొర కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టక్కర్లేదు. 1968లో ఫెయిర్‌చైల్డ్‌లో ఫెడెరికో ఫాజిన్ ట్రాన్సిస్టరు గేటుని లోహానికి బదులు ఈ సిలికాన్ పొరతో చేసే పద్ధతిని ఉత్పత్తికి పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. అప్పటినుంచీ గేట్ల కోసం ఎలాగూ పరిచే పొరలోంచే రెసిస్టర్లకీ ముక్క దొరికింది. 1978లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కి మంజూరైన ఒక పేటెంటు పాలీసిలికాన్ పొరలో రెసిస్టర్లు చేసి మెమరీ చిప్పుల్లో వాడడం గురించినదే. దాన్ని కనిపెట్టినవారి పేర్లలో జి.ఆర్. మోహన్ రావు గారి పేరు ఉంది.

"పాలీ" అంటే అనేకం. చిప్పు కింద ఉండే నేల ఒకే పెద్ద స్ఫటికం, అంటే పెద్ద కలకండ పలుకు లాంటిది. ఆక్సైడు మీద పేరుకున్న పొర అలా కాదు. పంచదార పలుకులు ఒకదానికొకటి అతుక్కున్నట్టు వేలవేల చిన్న స్ఫటికాలు. చిక్కంతా ఆ అతుకుల దగ్గరే. పొలాలతో చెబితే బాగా తెలుస్తుంది. ఒక్కో స్ఫటికం ఒక మడి, రెండు స్ఫటికాల మధ్య అతుకు ఒక గట్టు. ఎండిన గట్టుకి పగుళ్ళుంటాయి కదా. నీళ్ళు పెట్టగానే ముందు ఆ పగుళ్ళు తాగేస్తాయి. పోపు తక్కువైతే వచ్చిన కరెంటు కణాలన్నీ అతుకుల్లోనే చిక్కుకుపోతాయి, అటునుంచి ఇటు దాటేవి బహు తక్కువ. పోపు ఎక్కువైతే పగుళ్ళు నిండి, నీళ్ళు గట్టు మీదుగా పొర్లుతాయి. అందుకే బోరాన్ కొంచెం పెంచగానే రెసిస్టరు విలువ ఎన్నో రెట్లు పడిపోతుంది. పోపు బాగా తక్కువగా ఉన్న చోట విలువని అదుపులో పెట్టడం మా అనుభవంలో పసిపిల్లల చేత అన్నం తినిపించడం లాంటిది.

అయితే ఈ గట్లు ఒక మేలు కూడా చేస్తాయి. వేడి పెరిగితే కణాలకి గట్టు దాటే ఓపిక పెరుగుతుంది, నిరోధం తగ్గుతుంది. అదే వేడికి మడిలోపల అణువులు ఎక్కువగా కంపించి దారికి అడ్డొస్తాయి, నిరోధం పెరుగుతుంది. ఒకటి తగ్గించేది, ఒకటి పెంచేది. పోపు పాళ్ళు సరిగ్గా కుదిరితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మినియాపోలిస్ జనవరిలోనూ డల్లాస్ ఆగస్టులోనూ రెసిస్టరు విలువ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకే స్ఫటికంలో తవ్విన రెసిస్టరుకి ఈ అదృష్టం లేదు.

ఇప్పుడు లెక్క. పిల్లలూ, గళ్ళ కాగితం తెచ్చుకోండి. చిప్పులో రెసిస్టరుని గళ్ళు లెక్కపెట్టి కొలుస్తాం. చదరంగా ఉన్న గడి చిన్నదైనా పెద్దదైనా నిరోధం ఒకటే! పొడుగు రెట్టింపైతే నిరోధం రెట్టింపు, వెడల్పు రెట్టింపైతే సగం, రెండూ కలిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. గడికి 300 ఓములనుకుందాం. 2 మైక్రాన్ల వెడల్పు, 200 మైక్రాన్ల పొడుగున్న పట్టీలో 100 గళ్ళు, అంటే 30,000 ఓములు. మరి చెక్కేటప్పుడు వెడల్పు 0.1 మైక్రాను తగ్గిందనుకోండి. 1 మైక్రాను పట్టీకి అది నూటికి పది వంతుల తప్పు, 10 మైక్రాన్ల పట్టీకి ఒక్క వంతే. చోటు ఎక్కువ తీసుకున్నా వెడల్పు పట్టీనే ఎందుకు గీస్తామో చూశారా?

ఎంత జాగ్రత్త పడ్డా పొర మందం, పోపు, కాల్చే వేడి ప్రతి విడతలోనూ కొంచెం మారతాయి. 30,000 ఓములు అని గీసింది ఒకసారి 26,000గానూ, ఇంకోసారి 34,000గానూ రావచ్చు. నూటికి పదిహేను, ఇరవై వంతుల తేడా మామూలే. ఇంత తేడాతో బ్యాటరీకి హద్దు చెప్పడం ఎలా?

ఇక్కడే ఇడ్లీలు ఆదుకుంటాయి. నిన్నటి వాయికీ ఇవాళ్టి వాయికీ తేడా ఉంటుంది. పిండి పులిసినదాన్ని బట్టి ఒకరోజు ఉబ్బుతాయి, ఒకరోజు ఉబ్బవు. కానీ ఒకే వాయిలో దిగిన ఇడ్లీలన్నీ ఒకేలా ఉంటాయి. చిప్పులో పక్కపక్కనే ఉన్న రెండు రెసిస్టర్లూ అంతే. రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. కాబట్టి ఒక్కోదాని విలువని నమ్మకుండా వాటి నిష్పత్తిని మాత్రమే నమ్మేలా సర్క్యూటు గీస్తాం. శ్రద్ధగా చేస్తే నిష్పత్తిలో తప్పు వెయ్యికి ఒక వంతుకి దిగుతుంది.

బ్యాటరీ సంగతికొద్దాం. చిప్పులో 1.2 వోల్టుల కొలబద్ద ఒకటి ఉందనుకోండి. 4.2ని దానితో పోల్చాలంటే మూడున్నర వంతులు చెయ్యాలి. పైన రెండున్నర వంతులు, కింద ఒక వంతు. అరముక్కలు గీయకుండా సమానమైన ఏడు ముక్కలు తీసుకుని, పై భాగానికి ఐదు, కింది భాగానికి రెండు ఇస్తాం. పై ముక్కని అ, కింది ముక్కని ఆ అనుకుందాం. ఎలా పేర్చాలి? పొర ఒక వైపు మందంగా, ఇంకో వైపు పలచగా ఉండవచ్చు. అందువల్ల ముక్కల విలువలు వరసగా 100, 101, 102 ఇలా 106 దాకా పెరిగాయనుకోండి. నిజంగా ఇంత తేడా ఉండదు, లెక్క కోసం పెంచి చెబుతున్నాం. ఆ ఆ అ అ అ అ అ అని పేరిస్తే కింద 201, పైన 520. చిప్పు 4.2 అనుకుని ఆపేది అసలు 4.30 వోల్టుల దగ్గర! అటుది ఇటు తిప్పి అ అ అ అ అ ఆ ఆ అంటే 4.10 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు ఇలా పేర్చండి: అ అ ఆ అ ఆ అ అ. పైన 515, కింద 206. భాగించి చూడండి, సరిగ్గా 2.5. రెండు జట్ల నడిమధ్య ఒకే చోట పడితే ఆ వాలు రెండింటికీ సమానంగా తగిలి పోతుంది. ఖర్చేమీ లేదు, వరస మార్చడమే.

ఇడ్లీ పళ్ళెంలో అంచున ఉన్న గుంటకి ఆవిరి వేరుగా తగులుతుంది. అలాగే వరస చివరి ముక్క చెక్కడంలో కాస్త తేడాగా వస్తుంది. అందుకని రెండు చివర్లా పనిలేని ముక్కలు ఒక్కోటి కాపలా పెడతాం. ఇంత చేసినా మిగిలే చిల్లర తేడాలకి మందు వైశాల్యమే. ఫిలిప్స్ కంపెనీకి చెందిన మార్సెల్ పెల్‌గ్రోమ్ బృందం 1989లో ట్రాన్సిస్టర్ల మీద కొలిచి చూపించిన సూత్రమే రెసిస్టర్లకీ వర్తిస్తుంది. తేడా సగం కావాలంటే వైశాల్యం నాలుగు రెట్లు పెంచాలి.

ఎవరూ ఊహించని చోట నుంచి వచ్చే తేడాలూ ఉన్నాయి. చిప్పు తయారీ చివర్లో వచ్చే హైడ్రోజన్ లోపలికి చేరి ఆ గట్ల పగుళ్ళని పూడుస్తుంది, నిరోధం మారిపోతుంది. జంటలో ఒకదాని మీదుగా లోహపు తీగ పోయిందంటే అది హైడ్రోజన్‌కి అడ్డుపడుతుంది, కవలల్లో ఒకరికే టీకా వేసినట్టవుతుంది. అందుకే "రెసిస్టర్ల మీద తీగ వెయ్యకు" అని కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే చెబుతాం. ఆక్సైడు కట్టడానికీ ఒక లోపం ఉంది: సిలికాన్‌తో పోలిస్తే వేడిని వందో వంతే పోనిస్తుంది. ఎక్కువ కరెంటు పంపితే రెసిస్టరు ఒంటరిగా ఉడికిపోతుంది. ప్లాస్టిక్ పెట్టెలో బిగించినప్పుడు ఆ ఒత్తిడికి కూడా విలువ జరుగుతుంది. కనుక ముఖ్యమైనవాటిని మూలలకి దూరంగా పెడతాం.

ఇంకా ఖచ్చితం కావాలంటే దర్జీ పని ఉంది. ఆడపిల్లలకి పరికిణీ పొడుగ్గా కుట్టించి, లోపలికి మడతలు వేసి, ఏటేటా ఒక్కో మడత విప్పడం మన ఇళ్ళల్లో తెలుసు కదా. రెసిస్టరు చివర చిన్న ముక్కలు పెట్టి, ఒక్కోదాని పక్కన కరెంటుకి దొడ్డిదారిగా సన్నటి ఫ్యూజు పెడతాం. చిప్పుని కొలిచి చూసి, ఎంత తక్కువ పడిందో అన్ని ఫ్యూజులు కాలుస్తాం. ఫ్యూజు పోతే ఆ ముక్క లెక్కలోకొస్తుంది, మడత విప్పినట్టు. మడత మళ్ళీ వెయ్యొచ్చు గానీ కాలిన ఫ్యూజు తిరిగి రాదు, అందుకని కొలిచాకే కాలుస్తాం.

2007 నుంచీ అతి వేగంగా నడిచే ప్రాసెసర్లలో గేట్లకి మళ్ళీ లోహం వచ్చింది, ఆ చిప్పుల్లో ఉచితంగా దొరికే పాలీసిలికాన్ పోయింది. అక్కడ పలచటి లోహపు పొరలతో రెసిస్టర్లు చేస్తున్నారు. కానీ బ్యాటరీలు, మోటార్లు, సెన్సర్లు చూసుకునే ఎనలాగ్ చిప్పులకి అంత వేగం అక్కర్లేదు. రిచర్డ్‌సన్‌లో 2009లో తెరిచిన ఫ్యాక్టరీలోనూ, షెర్మన్‌లో 2022లో పునాది వేసిన ఫ్యాక్టరీల్లోనూ ఆ రకం చిప్పుల పనే.

పిల్లలకి ఒక లెక్క ఇచ్చి ముగిస్తాం. పై భాగం మూడు వంతులు, కింది భాగం ఒక వంతు కావాలి. నాలుగు ముక్కలతో నడిమధ్యలు కలిసేలా పేర్చగలరేమో చూడండి. కుదరదు, ఎందుకో చెప్పాలి. ఎనిమిది ముక్కలతో కుదురుతుంది. మాకు దొరికిన వరసల్లో ఒకటి అ ఆ అ అ అ అ ఆ అ. ఇంకో మూడు ఉన్నాయి, అవి వెతికి వచ్చే శనివారం బడికి తీసుకురండి.